సుగుణ బూట్ల కోసం సికింద్రాబాద్

సికింద్రాబాద్ చూసొచ్చినవాళ్ళు మా రేపల్లెలో చాలామంది ఉన్నారు. ఒకాయన టాంక్‌బండ్ మీద గాలి గురించి చెబుతాడు, ఇంకొకాయన బిర్యానీ గురించి, ఒకావిడ ముత్యాల గురించి. నన్నడిగితే నేను నేల గురించి చెప్పగలను. ఎక్కడ బండలు నున్నగా ఉంటాయో, ఎక్కడ మెట్టు మరీ ఎత్తో, పట్టుకోవడానికి ఎక్కడ కమ్మీ ఉందో, ఎక్కడ లేదో. చీలమండల్లో కీళ్ళవాతం ఉన్న మనిషి పక్కన నడిచినవాడికి ఏ ఊరైనా అలాగే కనిపిస్తుంది. పక్కన అన్నాను గానీ, చాలాచోట్ల నేను నాలుగడుగులు ముందే నడిచాను.

ఆ మనిషి నా భార్య సుగుణ. మా చర్చిలో పాట ఎత్తేది ఆవిడే. ముందు వరసలో లేచి నిలబడి ఆవిడ మొదటి చరణం అందుకుంటే, తక్కినవాళ్ళందరం వెనకాల కలిసేవాళ్ళం. హార్మోనియం ఉన్న రోజుల్లోనూ అంతే, అది మూలపడ్డాకా అంతే. రెండేళ్ళుగా ఆవిడ చీలమండలు వాచిపోయి, నిలబడితే చాలు, లోపల ఎముకా ఎముకా రాసుకున్నట్టు నొప్పి. మా చర్చిలో చెప్పులు బయట విప్పి వెళ్ళి చాపల మీద కూర్చుంటాం. చాప మీంచి లేవలేక ఆవిడ వెనక గోడ పక్కన ప్లాస్టిక్ కుర్చీలోకి మారింది. కూర్చుంటే ఊపిరి అందదని పాడటమే మానేసింది. ఇప్పుడు కీబోర్డు వాయించే అతను ఎత్తుతున్నాడు. అతని శ్రుతికి ఆడవాళ్ళ గొంతులు అందవు. సగం మంది పెదాలు కదిపి ఊరుకుంటారు.

"ఈ క్రిస్మస్‌కి నిలబడి ఎత్తాలండీ. ఒక్క పాటయినా చాలు" అంది సుగుణ, వానాకాలంలో ఒకరోజు.

చీలమండలకు కీలును పట్టి ఉంచే బ్రేసులు కట్టి, గట్టి బూట్లు వేయిస్తే నిలబడగలదని మా ఊరి డాక్టరు అంతకు ముందు సంవత్సరమే చెప్పాడు. అవి సికింద్రాబాద్‌లో మంచివి దొరుకుతాయనీ చెప్పాడు. నేను ముందు ఎండలు తగ్గనీ అన్నాను. తర్వాత వానలు తగ్గనీ అన్నాను. రిటైరైన బడిపంతులుకి అంత తీరికలేని పనేమిటని మీరడగొచ్చు. చర్చి కమిటీకి సెక్రటరీని. ఎవరైనా అడిగితే ఆ పని చూపించేవాణ్ణి. చివరికి నవంబరులో బయల్దేరాం.

స్టేషన్

పొద్దున్నే దిగాం. సికింద్రాబాద్ స్టేషన్లో మనిషి తన కాళ్ళతో నడవడు, వెనకవాళ్ళ తోపుతో నడుస్తాడు. సుగుణ ఆ తోపుకి జడిసి ఒక స్తంభాన్ని పట్టుకుని నిలబడిపోయింది. ఒక కూలీ ఆవిడ పాదాల వంక చూసి నా దగ్గరికొచ్చాడు.

"అమ్మకు నడుస్తానికి అయితలేదు సార్. చక్రాల కుర్సీ తెస్త, జెర ఆగుండ్రి."

వద్దన్నాను. కుర్చీలో తోసుకుపోతే రోగిష్ఠి మనిషిని తీసుకొచ్చినట్టు ఉంటుందనిపించింది. నేను తీసుకొచ్చింది రోగిష్ఠి మనిషినే అని ఆ క్షణాన తోచలేదు. సుగుణ కమ్మీ పట్టుకుని వంతెన ఎక్కసాగింది. రెండు పాదాలూ ఒకే మెట్టు మీదికి తెచ్చుకుని, ఊపిరి తీసుకుని, మళ్ళీ పై మెట్టు. నేను సంచీతో పైకి చేరి, కింద ఆవిడ పాపిట కనిపిస్తుంటే చూస్తూ నిలబడ్డాను. జనం ఆవిణ్ణి వాగులో రాయిని నీళ్ళు దాటినట్టు అటూ ఇటూ దాటుకుపోయారు.

బయట ఆటోవాడు బొల్లారం అనగానే మొహం చిట్లించాడు. "గంత దూరమా? వాపస్ ఖాళీ రావాలె సార్. మీటర్ మీద ఇరవై ఇయ్యుండ్రి." మా ఊళ్ళో రిక్షావాడితో ఆడినట్టే బేరమాడాను. నేను బేరమాడినంతసేపూ సుగుణ ఆటో అంచుకు ఆనుకుని ఒంటికాలి మీద నిలబడింది. పదికి దించాను. దారి పొడుగునా వాడు నాతో మాట్లాడలేదు, సుగుణ కూడా.

బొల్లారం

మేం దిగింది రత్నమ్మ వదిన ఇంట్లో. ఆవిడ సుగుణ పెదనాన్న కూతురు. భర్త కంటోన్మెంట్‌లో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. పెళ్ళయి ఇక్కడికి వచ్చిన నాటి నుంచీ వాళ్ళది ఈ ఊరే. వాళ్ళ వీధి పెద్ద చెట్ల నీడలో, పొద్దున పూట ఎవరో ఊడ్చి పెట్టినంత నిశ్శబ్దంగా ఉంటుంది. ఉండుండి ఒక మిలటరీ లారీ వెళుతుంది. తర్వాత మళ్ళీ కాకులే.

పొద్దున టిఫిన్ అని వదిన ఖిచిడీ పెట్టింది. పక్కన ఖీమా, పల్చటి చింతపండు పులుసు. దాన్ని ఇక్కడ ఖట్టా అంటారు. పప్పూ బియ్యం కలిపి ఉడకేసి పొద్దున్నే పెడితే మా వైపు ఇంట్లో ఎవరికో జ్వరమనుకుంటారు. ఇక్కడ దాన్ని చుట్టాలకు పెడతారు. మొదటి ముద్ద అనుమానంగా తిన్నాను. తర్వాత రెండోసారి వడ్డించమన్నాను.

నాకు అంతకంటే వింతగా అనిపించింది వదిన కాళ్ళకు రబ్బరు చెప్పులు. వంటింట్లోనూ అవే, హాల్లోనూ అవే.

"ఏంటొదినా, ఇంట్లో చెప్పులా?" అన్నాను.

"ఈ బండలు ఐసుగడ్డలయ్యా. చలికాలం వస్తే మోకాళ్ళ దాకా ఎక్కుద్ది. ఇవి రోడ్డెక్కవులే, ఇంటివి" అని, లోపల్నుంచి ఇంకో జత తెచ్చి సుగుణ ముందు పడేసింది. "నువ్వూ వేసుకోవే. ఇక్కడ మీ ఆయన చర్చి కమిటీ లేదు."

సుగుణ వేసుకుని వంటింటి దాకా నడిచొచ్చింది. "ఎంత మెత్తగా ఉన్నాయో అక్కా" అంది. భోజనానికి ముందు వదిన తలవంచి ప్రార్థన చేసింది, ఆ చెప్పులతోనే. ప్రార్థన జరిగినంతసేపూ నేను కళ్ళు తెరిచి ఆ చెప్పుల్నే చూశాను. దేనికి ఆమెన్ అన్నానో తెలియదు.

ఆస్పత్రి

ఎముకల డాక్టరు చిన్న వయసు అమ్మాయి. సుగుణ మడమను అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి, నొప్పి ఎక్కడ మొదలవుతుందో మొహంలో చూసి తెలుసుకుంది. కీలు మధ్య మెత్తటి పొర అరిగిపోయిందనీ, అది మళ్ళీ పెరగదనీ చెప్పింది. బ్రేసు జబ్బును తగ్గించదు, కీలు పక్కకి ఒరగకుండా పట్టి ఉంచుతుంది, అందుకని నొప్పి తగ్గుతుంది. అంతే ఆశించాలి.

ఇలాంటి నొప్పితో ఉన్నవాళ్ళు మా వైపు చాలామంది ఉన్నారు కాబట్టి ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాస్తాను. బ్రేసులు మూడు రకాలు. మేజోడులా సాగే తొడుగు ఒకటి, వెచ్చగా ఉంటుంది గానీ కీలును పట్టలేదు. రెండో రకం దిట్టమైన గుడ్డతో చేస్తారు, ముందు తాళ్ళు, రెండు పక్కలా బద్దలు, పాదం కింద నుంచి తిరిగొచ్చే పట్టీలు. మూడోది గట్టి ప్లాస్టిక్‌ది, కొలత ఇచ్చి చేయించుకోవాలి, అది కీలు బాగా పాడైనవాళ్ళకి. సుగుణకు రెండోది. బూటు కొనేటప్పుడు మడమ వెనక భాగం వేలితో నొక్కితే వంగకూడదు. అడుగు మధ్యలో మడతపడకూడదు, వేళ్ళ దగ్గరే వంగాలి. ముందు భాగం వెడల్పుగా ఉండాలి. లోపలి మెత్త ఊడి రావాలి, బ్రేసుకి చోటు కోసం. సాయంత్రం పూట, పాదం వాచి ఉన్నప్పుడు, బ్రేసు కట్టుకునే వేసి చూడాలి.

"ఇంకో మాట ఆంటీ. ఉత్త కాళ్ళతో బండల మీద తిరగొద్దు. ఇంట్లో కూడా" అంది.

"మరి చర్చిలోనమ్మా?" అంది సుగుణ.

"చర్చికి దేవుడు వేరే కాళ్ళిచ్చాడా ఆంటీ?"

నర్సు నవ్వింది, సుగుణ నవ్వింది, నేనూ నవ్వాను. ఆ ప్రశ్న వేసింది సుగుణే అయినా జవాబు నా దగ్గర ఉందని మా ఇద్దరికీ తెలుసు.

రాంగోపాల్‌పేట్

బ్రేసులమ్మే దుకాణం ఒక ఇరుకు వీధిలో ఉంది. గాజు బీరువాలో ప్లాస్టిక్ చేతులు, కాళ్ళు, మెడలు. బల్ల మీద మా కంటే ముందే ఒకావిడ కూర్చుని ఉంది. పేరు అనసూయమ్మ అట. ఆవిడా, భర్తా దగ్గర్లోనే స్టీలు గిన్నెల దుకాణం నడుపుతారు. ముతక నేత చీర కట్టుకుని, నుదుట రూపాయంత బొట్టు పెట్టుకుంది.

నేను సాగే తొడుగు చేతిలోకి తీసుకున్నాను. "ఇది బాగుంది. చీర కింద కనపడదు."

"కనపడకుంటే నొప్పి పోతదా సార్?" అంది అనసూయమ్మ బల్ల మీంచి.

నేను తిరిగి చూసేసరికి ఆవిడ చీర అంచు రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకుంది. కింద తెల్లటి ఆటల బూట్లు, నీలం చారలవి, మగవాళ్ళవి. "నేను సుత మొదలు గదే కొన్న. వారం దినాలకు అది గిన్నెలు తుడిసే గుడ్డ అయింది. దుకాణంల పొద్దుగాల్నుంచి నిలవడుడే నా పని. గిట్ల కట్టుకున్నంకనే జెర పానం వట్టింది."

"చీర మీద బూట్లంటే ఎవరూ ఏమనలేదా అండీ?" అంది సుగుణ.

"అనకెట్లుంటరు? పోలీసుల భర్తీ అయినవా వదినా అని మా ఆడిబిడ్డ ఒక్కటే నవ్వుడు. నవ్వనీ. నొచ్చేటి కాళ్ళు నాయి, నవ్వేటి నోరు ఆమెది."

సుగుణ పగలబడి నవ్వింది. ఆ నవ్వు విని ఎన్నాళ్ళయిందో అనుకున్నాను. నవ్వు ఆగాక కొంచెం ముందుకు వంగి మెల్లిగా అడిగింది. "మరి గుడికెళ్తే?"

"బూట్లు బయట ఇడుస్త. సంచిల ఇంకో జత ఉంటది, గుడ్డయి, కింద రబ్బరు కుట్టించిన. గవి రోడ్డు మొకం సూడలే. పంతులు ఫస్టు గుర్రుమన్నడు. 'అయ్యా, నేను కింద పడితే లేవట్టెటందుకు మీరొస్తరా' అన్న. గప్పటిసంది ఏమంటలేడు." అని నా వైపు చూసింది. "మీకు సిగ్గయితుందా ఏంది సార్?"

"అదేం లేదండీ" అన్నాను. తొడుగును బీరువా మీద పెట్టేశాను. ఆవిడ చూడకపోతే దాన్నే కొనేవాణ్ణి.

దుకాణం ఆయన తాళ్ళ బ్రేసు తెచ్చి సుగుణకు కట్టాడు. వేళ్ళ దగ్గర నుంచి పైకి తాళ్ళు బిగించి, రెండు పట్టీలూ పాదం కింద నుంచి ఎదురెదురుగా లాగి అంటించాడు. సుగుణ బీరువా అంచు పట్టుకుని లేచింది. కాసేపు అలా నిలబడి, చెయ్యి తీసేసింది.

"ఏవండీ, వదిలేశాను చూడండి."

తర్వాత ఆవిడ గుండెల నిండా ఊపిరి తీసుకుంది. ఆ ఊపిరి నాకు తెలుసు. పాట ఎత్తే ముందు తీసుకునేది అదే. ఆ ఇరుకు దుకాణంలో ప్లాస్టిక్ మెడల మధ్య ఆవిడ ఎత్తలేదు గానీ, ఎత్తగలనని తెలుసుకుంది. అనసూయమ్మ "శెభాష్" అంది.

బూట్ల దుకాణం

సాయంత్రం దాకా ఆగి బూట్లకు వెళ్ళాం. ఆడవాళ్ళ బూట్లలో బ్రేసు కట్టిన పాదం దూరలేదు. దుకాణదారు తల గోక్కున్నాడు. "ఆంటీ, లేడీస్‌ల కష్టం. జెంట్స్ సైజు చూద్దాం. మస్తు ఉన్నయి."

"మగాళ్ళ బూట్లా?" అన్నాను.

"కాలు లోపటికి పోయినంక ఎవ్వరివైతే ఏంది సార్?"

నల్లటివి, పట్టీ అంటించేవి, ముందు భాగం వెడల్పైనవి సరిపోయాయి. మడమ దగ్గర నొక్కి చూశాను, వంగలేదు. లోపలి మెత్త ఊడొచ్చింది. పట్టీలు అంటించడానికి సుగుణ వంగలేకపోయింది. నేను కింద కూర్చుని అంటించాలి. దుకాణం నిండా జనం. నేను పనివాణ్ణి పిలిచాను.

సుగుణ దుకాణం ఈ చివర నుంచి ఆ చివరకు నడిచింది. తిరిగి వస్తూ దారిలో ఒక అర ముందు ఆగి, పల్చటి గుడ్డ బూట్ల జత తీసింది. "ఏవండీ, ఇది కూడా తీసుకుందాం. లోపలికి."

"లోపలికంటే?"

"చర్చి లోపలికి. అనసూయమ్మ గారిలాగా. రోడ్డెక్కవుగా."

"మన చర్చిలో బూట్లేసుకుని నిలబడతావా? సెక్రటరీ భార్యకి ఒక రూలు, మాకొక రూలా అనరూ?"

"కమిటీలో అడగొచ్చుగా."

"చూద్దాంలే."

నా 'చూద్దాంలే' ఆవిడకు కొత్త కాదు. ఎండలు తగ్గనీ అన్నా, వానలు తగ్గనీ అన్నా అదే మాట. గుడ్డ బూట్లు అరలో తిరిగి పెట్టేసింది. విసిరేయలేదు. ఒకదాని పక్కన ఒకటి సర్ది పెట్టింది. దుకాణదారు అడిగితే ధర ఎక్కువని చెప్పాను. అవి చవకే.

బయట ఇరానీ హోటల్లో చాయ్ తాగాం. ఉస్మానియా బిస్కట్టు రూపాయికి ఒకటి. తీపీ ఉప్పూ ఒకే కొరుకులో వస్తాయి. మా ఊళ్ళో అలా చేస్తే బట్టీవాడికి చివాట్లు పడతాయి. తర్వాత బస్సెక్కాం. ఈ ఊరి బస్సుల్లో ఆడవాళ్ళు ముందు తలుపులోంచి, మగవాళ్ళు వెనక తలుపులోంచి ఎక్కుతారు. మా వైపు బస్సుల్లో ఆ తేడా లేదు. దాంతో సుగుణ నాకు కనపడకుండా పోయింది. వెనక కమ్మీకి వేలాడుతూ, ఆవిడ ఎక్కడ పడిపోతుందో అని మెడ సాచి చూస్తూనే ఉన్నాను. బొల్లారంలో దిగేసరికి ఆవిడ అప్పటికే దిగి, బూట్లతో, చేతిలో సంచీతో నా కోసం నిలబడి ఉంది. కాలేజీ పిల్ల ఒకతె లేచి సీటిచ్చిందట.

"మీకంటే ముందే దిగాను" అంది.

నా ప్రయాణంలో మంచిరోజు అదొక్కటే. ఆ బస్సులో ఆవిడ పక్కన నేను లేను.

ఆదివారం

ఆదివారం ఉదయం వదిన వాళ్ళు తయారవుతుండగానే మమ్మల్ని ముందు పంపారు. "నెమ్మదిగా నడవండి, మేం వెనకాలే వస్తాం" అంది వదిన.

చర్చి దగ్గరే. దొరల కాలం నాటి రాతి కట్టడం, ఎత్తయిన కిటికీలు. గుమ్మం ముందు ఎవరూ లేరు. నేను అలవాటు చొప్పున చెప్పులు విప్పాను. సుగుణ మెట్ల మీద అటూ ఇటూ చూసింది.

"ఇక్కడ విప్పాలంటారా? ఎవరి చెప్పులూ లేవే."

"మనమే ముందొచ్చాం. విప్పు."

మెట్టు మీద కూర్చుని పట్టీలు లాగింది. ఆ నిశ్శబ్దంలో పట్టీలు ఊడిన చప్పుడు గుడ్డ చింపినట్టు వినపడింది. బూట్లు రెండూ నా చెప్పుల పక్కన పెట్టి, మేజోళ్ళ మీద కట్టిన బ్రేసులతో లోపలికి వచ్చింది. లోపల చాపలు లేవు. చెక్క బెంచీలు, కింద నున్నగా మెరిసే రాతి పలకలు. మధ్య బెంచీలో కూర్చున్నాం.

అప్పుడు వాళ్ళు రావడం మొదలైంది. ముందొక రిటైరైన మిలటరీ పెద్దాయన, అద్దంలా మెరిసే బూట్లతో, టకటకమంటూ. వెనకాల ఎత్తు మడమల చెప్పులతో ఆయన కోడలు. పిల్లలు, ఆడవాళ్ళు, చేతికర్ర ముసలాయన. ఒక్కరూ విప్పలేదు. గుమ్మం దగ్గర ఉన్నవి మా రెండు జతలే. ఇంతమందిలో ఉత్త కాళ్ళ మనిషిని నేనొక్కణ్ణే.

సుగుణ నా చెవి దగ్గర మెల్లిగా అంది. "ఏవండీ, నా బూట్లు తెచ్చిపెట్టండి."

వీళ్ళందరి మధ్య నుంచి వట్టి పాదాలతో బయటకు వెళ్ళి, మగవాళ్ళ బూట్లు చేత పట్టుకుని తిరిగి రావాలి. "ఇప్పుడు లేస్తే బాగుండదు. పాట మొదలవుతోంది" అన్నాను.

పాటకు అందరూ లేచారు. సుగుణ ముందు బెంచీ పట్టుకుని లేచింది. మొదట మెల్లిగా పాడింది. రెండో చరణానికి గొంతు తెరుచుకుంది. ముందు వరసలో ఇద్దరు ముగ్గురు వెనక్కి తిరిగి చూశారు, ఎవరిదీ గొంతు అన్నట్టు. రెండేళ్ళ తర్వాత విన్నాను. గర్వపడ్డాను కూడా. బూట్లు మాత్రం తేలేదు.

రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ప్రభు భోజనానికి బెంచీ బెంచీగా లేచి ముందుకు వెళ్ళారు. నడవలేనివాళ్ళకు పాస్టరు గారే బెంచీ దగ్గరికి తెచ్చి ఇస్తారని తర్వాత తెలిసింది. అడిగి ఉంటే ముందే తెలిసేది. మా బెంచీ వంతు వచ్చింది. నేను ముందు నడిచాను, నా వెనక సుగుణ. ముందు ఒకే ఒక్క మెట్టు ఉంది. నేను ఎక్కాను. వెనక ఏదో బరువైన సంచీ పడినట్టు చప్పుడైంది.

తిరిగి చూసేసరికి సుగుణ నేల మీద పక్కకి ఒరిగి ఉంది. బ్రేసు కింది పట్టీ నున్నటి రాయి మీద సబ్బులా జారింది. కుడి పాదం శరీరం కింద మడతపడింది. పాస్టరు గారు గిన్నె చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయారు.  ఆవిడను ముందుగా లేపింది నేను కాదు, ఆ మిలటరీ పెద్దాయన కోడలు.

ఆలస్యంగా వచ్చి వెనక బెంచీలో కూర్చున్న వదిన పరిగెత్తుకొచ్చింది. "అయ్యో, నీ బూట్లేవే? ఈ బండల మీద మేజోళ్ళతో ఎందుకొచ్చావే?"

సుగుణ మొహం పాలిపోయి ఉంది. నా వైపు చూడలేదు.

"మా ఊళ్ళో అలవాటక్కా. చూసుకోకుండా విప్పేశాను" అంది.

ఆ మాటను కాదనడానికి నాకు కావలసినంత సమయం ఉంది. పాస్టరు గారు దగ్గరికొచ్చారు, ఎవరో నీళ్ళు తెచ్చారు, ఎవరో ఆటో పిలిచారు. నేను ఆవిడ చెప్పినదానికి తలాడించాను.

తిరుగు బండి

అదే డాక్టరమ్మాయి. ఈసారి నవ్వలేదు. లోపల కీలును పట్టి ఉంచే లిగమెంటు తెగిందని చెప్పి మోకాలి దాకా సిమెంటు కట్టు వేసింది. కట్టు ఎప్పుడు తీస్తారని సుగుణ అడిగింది. కొత్త సంవత్సరం వచ్చాక అని చెప్పింది.  క్రిస్మస్ గురించి డాక్టరుకు ఎవరూ చెప్పలేదు.

స్టేషన్లో ఈసారి నేనే చక్రాల కుర్చీ అడిగి తెప్పించాను. సుగుణ ఒళ్ళో బూట్ల పెట్టె పెట్టుకుని కూర్చుంది. ఎవరూ మమ్మల్ని వింతగా చూడలేదు. ఆ స్టేషన్లో ఎవరికీ మమ్మల్ని చూసే తీరిక లేదు. వచ్చిన రోజూ లేదు.

రేపల్లె

క్రిస్మస్‌కి సుగుణ ఇంట్లోనే ఉంది. కీబోర్డు అతనే ఎత్తాడు.

కట్టు తీశాక, జనవరి కమిటీలో నేను మాట ఎత్తాను. ఆరోగ్య కారణాల మీద, లోపలికి మాత్రమే వాడే శుభ్రమైన పాదరక్షలు ఎవరికైనా అవసరమైతే, అని ఎక్కడా సుగుణ పేరు రాకుండా మొదలుపెట్టాను. ఒక పెద్దమనిషి నవ్వాడు. "ఇవాళ బూట్లంటారు, రేపు మంచాలంటారు సెక్రటరీ గారూ." అందరూ నవ్వారు. "సరే, చూద్దాం" అని నేను చర్చి గోడలకు సున్నం వేయించే విషయంలోకి వెళ్ళిపోయాను.

బొల్లారం చర్చిలో అందరూ బూట్లతోనే ప్రార్థన చేశారని నేను ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. అది చెబితే సుగుణ ఎలా పడిందో కూడా చెప్పాలి. ఎవరు విప్పమన్నారో చెప్పాలి. కమిటీ గదిలో నోరు రాలేదు, అందుకని ఇక్కడ రాశాను. మీ ఇంట్లో ఇలాంటి చీలమండలు ఉంటే, బ్రేసు కట్టించి బూటు కొనండి. రెండు జతలు కొనండి. పట్టీలు మీరే కింద కూర్చుని అంటించండి.

సుగుణ ఇప్పుడు బ్రేసులతో, నల్ల బూట్లతో చర్చి దాకా తనంతట తనే నడిచి వస్తోంది. లోపలికి రాదు. వరండాలో, చెప్పులు విప్పే చోట, ఒక కుర్చీ వేయించుకుంది. మొదటి ఆదివారం నేను ఆవిడ ముందు కింద కూర్చున్నాను, అందరూ చూస్తుండగానే. "విప్పుతాను. రెండు చేతులా పట్టుకుని లోపలికి తీసుకెళ్తాను, జారనివ్వను" అన్నాను.

ఆవిడ పాదాలు కుర్చీ కిందికి లాక్కుంది.

"వద్దండీ. పాట మొదలవుతోంది, మీరెళ్ళండి" అంది. "చెప్పులు ఇక్కడే వదలండి. నేను చూస్తుంటాను."

వదిలి, లోపలికి వెళ్ళాను.